రఘువీర్‌కి రెండో పెళ్లి

"ఇది కాయ కాసే అరటి కాదు," అంది శేషమ్మ.

లివింగ్ రూమ్‌లో కాఫీ టేబుల్ పక్కకి జరిపేసి, నల్ల ప్లాస్టిక్ కుండీతో సహా నిలబెట్టిన ఆ మొక్క చుట్టూ ఆవిడ ఒకసారి తిరిగింది. ఆకు పట్టుకుని వెనక్కి తిప్పింది. అడుగున ఎర్రటి మచ్చలు చూసి చెయ్యి వదిలేసింది.

"అరటే అత్తయ్యగారూ. నర్సరీలో బోర్డు మీద బనానా అనే రాసుంది," అన్నాడు చక్రధర్. పాపం, ఆఫీసులో మీటింగ్ మధ్యలోంచి లేచి, హైవే మీద పడి వెతికి, వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టి మరీ తెచ్చాడు.

"మాది రావులపాలెం బాబూ. అరటి సంగతి నాకు బోర్డులు చూసి చెప్పకు. ఇది ఉత్త ఆకుల కోసం పెంచుకునేది. గెల వెయ్యదు. నా కొడుక్కి గొడ్రాలిని తెచ్చావా?"

వంటింట్లో గిన్నె కింద పడింది. పడిందో, కూతురు రజిని పడేసిందో ఎవరూ వెళ్లి చూడలేదు.

సోఫాలో కూర్చున్న ఆవిడ భర్త అనంతరామయ్య తల ఎత్తలేదు. "గెల వేస్తే ఎవడు తింటాడే? మూడు ముళ్లూ పడగానే నరికేసేదే కదా. ఏదైతేనేం, పసుపు రాయి."

వాళ్ల ఇళ్లలో అదొక ఆచారం. పెళ్లి కాకుండా పోయిన మగపిల్లాడికి దహనానికి ముందు అరటిచెట్టుతో పెళ్లి చేస్తారు. బ్రహ్మచారిగా కాల్చేస్తే వాడికి గతులుండవని, అటూ ఇటూ కాకుండా తిరుగుతాడని భయం. రఘువీర్ శవం ఆస్ట్రేలియాలో టౌన్స్‌విల్ అనే ఊళ్లో పెట్టెలో ఉంది. పెళ్లి మాత్రం ఇక్కడ, న్యూజెర్సీలో, పార్సిప్పనీలో, కూతురి అపార్ట్‌మెంట్‌లో. పీటల మీద ఫొటో పెడతారట. దానికీ ఇంజనీరింగ్ కాలేజీ నాటి ఫొటోయే వెతికించాడు పెద్దాయన. యూనిఫాంలో ఉన్నది పనికిరాదన్నాడు.

రజిని చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"వాడికి పెళ్లయింది నాన్నగారూ."

"మళ్లీ మొదలుపెట్టావా?"

"మీరు ఆపేదాకా చెప్తూనే ఉంటాను. రిజిస్టర్ ఆఫీసులో అయింది. నేను కంప్యూటర్‌లో చూశాను. మన వైపు నుంచి నేనొక్కదాన్నే ఉన్నాను."

"అది సంతకం. పెళ్లి కాదు. తాళి కట్టాడా? తలంబ్రాలు పోశాడా? కన్నవాళ్లని ఒక్క మాట అడిగాడా?"

"అడిగితే ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేవాణ్ని కాదు."

"అందుకే అడగలేదు!"

అనంతరామయ్య సమాధానం చెప్పలేదు. ఆయన ఆర్టీసీలో డిపో మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. యూనియన్ నాయకులు బల్ల గుద్ది అరిచినా ఇలాగే ఊరుకునేవాడట, చివరికి తను అనుకున్నదే చేసేవాడట. కొడుకు ఆస్ట్రేలియా వెళ్లి అక్కడి సైన్యంలో చేరినప్పుడు కూడా అరవలేదు. మాట్లాడటం మానేశాడు. ఊళ్లో అడిగినవాళ్లకి మావాడు పెర్త్‌లో గనుల కంపెనీలో ఇంజనీరన్నాడు. అదే మాట చెప్పీ చెప్పీ, కొడుకు పోయాడన్న కబురొచ్చిన రోజున కూడా రావులపాలెం ఫోన్ చేసి, గనిలో ప్రమాదం జరిగిందన్నాడు. ఆ అబద్ధం వింటూ పక్కనే కూర్చున్న శేషమ్మకి ఏడవడానికి కూడా భయమేసింది.

ఆస్ట్రేలియా సైన్యం వాళ్లు ఫోన్ చేశారు. వీసాలూ టికెట్లూ అన్నీ మేమే చూసుకుంటాం, అంత్యక్రియలకి రండి అన్నారు. ఆ జెండా కప్పిన పెట్టె నేను చూడలేనని ఆయన వద్దన్నాడు. ఆయన వద్దన్నాక శేషమ్మని అడిగినవాళ్లు లేరు.

"నువ్వూ చక్రధరూ పెళ్లికూతురి వైపు కూర్చోవాలి. కన్యాదానం చెయ్యాలి," అన్నాడు కూతురితో. "మొక్కకి పట్టుచీర అక్కర్లేదు. నేతచీర చాలు."

"నేను కూర్చోను."

"కూర్చుంటావు," అన్నాడాయన, నెమ్మదిగా.

చక్రధర్ భార్యని జబ్బ పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లాడు. పంపు తిప్పి, నీళ్ల చప్పుడు చాటున మొదలుపెట్టాడు.

"చేసుకోనీ రజినీ. ఎవరికి నష్టం? ఆ మొక్కకా?"

"వాడి భార్యకి. బ్రిజెట్‌కి."

"ఆమెకెవరు చెప్తారు? ఆమెకి తెలుగొచ్చా? చూడు, అక్కడ లీగల్‌గా నెక్స్ట్ ఆఫ్ కిన్ ఆమె. బాడీ ఆమెది. అయినా మంచి మనిషి కాబట్టి, మీ పద్ధతిలోనే క్రిమేట్ చేయిస్తాను, అస్థికల్లో సగం అత్తయ్యకి పంపిస్తాను అని మాటిచ్చింది. అవి రావాలి. మీ అమ్మ వాటిని గోదావరిలో కలపాలి. అప్పుడు గానీ ఆవిడ అన్నం తినదు. అందాకా నువ్వు కాస్త నోరు మూసుకో. ప్లీజ్."

"అంటే వాడి పెళ్లాం బతికుండగా, దానికి తెలీకుండా వాడికి ఇంకో పెళ్లి చేసేసి, ఏమీ ఎరగనట్టు బూడిద కోసం చెయ్యి చాపమంటావు."

"అవును. అదే అంటున్నాను," అన్నాడు చక్రధర్. సిగ్గుపడుతూనే అన్నాడు.

రజినికి ఏడుపొచ్చింది. తమ్ముడు యుద్ధంలో మందుపాతర పేలి పోయాడని తెల్లవారుజామున బ్రిజెట్ ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచీ ఈ ఇంట్లో వాడి గురించి ఒక్క మంచి మాట వినలేదు. వాడి కులం, వాడి గతులు, వాడి పరువు. వాడేం చేసేవాడో ఒక్కళ్లూ అడగలేదు.

తలుపు తట్టిన చప్పుడైంది. పంతులుగారొచ్చారు.

పేరు కిరణ్‌కుమార్ శర్మ. చిన్నవాడే. పగలంతా మందుల కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, సాయంత్రాలూ శనాదివారాలూ పౌరోహిత్యం. చావు కార్యాలకి ఈ చుట్టుపక్కల ఎవరూ రారు, ఈయనొక్కడే వస్తాడని పేరు. చెప్పులు విప్పి, మొక్కనీ ఫొటోనీ చూసి, బ్యాగులోంచి దర్భలు తీసుకుంటూ, "పొద్దుగూకక ముందే అయిపోవాలండీ. దహనం ఎప్పుడన్నారు?" అన్నాడు.

"శుక్రవారం," అన్నాడు అనంతరామయ్య.

సరిగ్గా అప్పుడే డైనింగ్ టేబుల్ మీది లాప్‌టాప్‌లో స్కైప్ మోగడం మొదలుపెట్టింది. ఇక్కడ సాయంత్రమైతే అక్కడ తెల్లారుతుంది. బ్రిజెట్ రోజూ ఇదే వేళకి చేస్తుంది.

"ఎత్తకు," అన్నాడు చక్రధర్.

"ఎత్తమ్మా," అంది శేషమ్మ. "ఆ పిల్ల నిద్ర లేస్తూనే మనల్ని తలుచుకుంటోంది. ఎత్తు."

తెర మీద తడి జుట్టుతో, మగవాళ్ల చొక్కా తొడుక్కుని బ్రిజెట్ కనిపించింది. ముక్కు ఎర్రగా ఉంది. కెమెరాకి చేతులు జోడించింది. అది రఘువీర్ నేర్పినదే అయ్యుంటుంది. ఆమె ఇంగ్లీషులో చెప్పింది, రజిని తెలుగులో అమ్మకి చెప్పింది.

"నిన్న నన్ను లోపలికి తీసుకెళ్లారు. ముఖం బాగానే ఉంది. మీకు చెప్పాలనిపించింది. ముఖానికి ఏమీ కాలేదు."

శేషమ్మ కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. చూపుడు వేలితో తెర మీద ఆ పిల్ల చెంప దగ్గర తాకి, వేలు వెనక్కి తీసుకుంది.

"తిన్నావా అని అడుగు."

"తిన్నాను అంటోంది. టోస్ట్."

"టోస్టు తిండేమిటి నా తల్లీ. వాడు అక్కడ ఏం తినేవాడో అడుగు. ఆ యుద్ధంలో."

బ్రిజెట్ మొదటిసారి కొంచెం నవ్వింది. ప్యాకెట్లలో ఇచ్చే తిండి రఘుకి సహించేది కాదట. ఆవకాయ పంపమని ప్రాణం తీసేవాడట. తను కొరియర్‌లో పంపితే సీసా పగిలి, డబ్బాలోని మేజోళ్లన్నీ నూనె అయ్యాయట. ఆ మేజోళ్లు పిండి అన్నంలో కలుపుకుందామా అని ఫోన్‌లో ఏడిపించాడట. అది వింటూ శేషమ్మ కూతురి ముఖంలోకి చూసింది. రజిని నవ్వుతోంది, కన్నీళ్లు కారుతున్నాయి. శేషమ్మ కూడా నవ్వబోయి కొంగు నోట్లో కుక్కుకుంది.

"తుపాకీ పట్టుకుని మనుషుల్ని చంపేవాడికి ఆవకాయొకటి," అన్నాడు అనంతరామయ్య, మొక్క వైపు చూస్తూ.

రజిని గిర్రున తిరిగింది. "అది కూడా చెప్పమంటారా ఆమెకి?"

"చెప్పు."

చెప్పింది. పూర్తిగా చెప్పింది. బ్రిజెట్ తొందర లేకుండా, ఒక్కొక్క మాటా ఆగి చెప్పింది. రజిని అంతే ఆగుతూ తెలుగులో చెప్పింది.

"ఆయన సాపర్. అంటే మందుపాతరలు వెతికేవాడు. అందరికంటే ముందు నడవాలి. నేల మీద ఇనుముని పసిగట్టే కర్ర లాంటిది ఊపుకుంటూ పోతాడు. చప్పుడొస్తే బోర్లా పడుకుని బ్రష్షుతో మట్టి తుడుస్తాడు. మన గోడలకి రంగు వేస్తాం చూడండి, అలాంటి బ్రష్షే. వెనకున్న వాళ్లు ఆయన అడుగు పడినచోటే అడుగెయ్యాలి. ఆ రోజు ఉరుజ్గాన్ అనే చోట ఒక కాలవ మీద కల్వర్టు దగ్గర ఒకటి దొరికింది. అందరినీ వెనక్కి పొమ్మన్నాడు. పోయారు. దాని పక్కనే ఇంకొకటుంది. అది ఆయనకి కనబడలేదు."

పంతులుగారు చేతిలోని దర్భలు కింద పెట్టేశాడు.

"వెనకున్నవాళ్లందరూ బతికారు. ఒకతను ఇంటికొచ్చేశాడు. రోజూ మా ఇంటికొచ్చి లాన్ కోస్తాడు. పెరగకపోయినా కోస్తాడు. లోపలికి రమ్మంటే రాడు."



"ఇంకొకటి," అంది బ్రిజెట్. "మీ నాన్నగారికి తెలుసో లేదో. క్వీన్స్‌లాండ్‌లో వరదలొచ్చినప్పుడు రఘు ఊరికే సాయానికెళ్లాడు. అక్కడ సోల్జర్లు ఇళ్లల్లో బురద ఎత్తిపోస్తుంటే చూశాడు. ఆ వారమే ఆర్మీకి అప్లై చేశాడు. ఎందుకు అనడిగాను. మా నాన్న వరదలో డిపో బస్సులన్నీ బయటికి తీయించి, లంకల్లో జనాన్ని ఎక్కించి తెచ్చాడు, డ్రైవర్లు భయపడితే మొదటి బస్సులో తను నిలబడ్డాడు అన్నాడు. నేనూ ఆయన లాంటి పనే చేస్తాను అన్నాడు."

రజిని ఆఖరి మాట చెప్పలేక ఆగిపోయింది. చెప్పక్కర్లేకపోయింది. అనంతరామయ్యకి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో శేషమ్మ ఆయన ఏడవగా చూడటం ఇదే మొదలు.

ఇంకేం, అయిపోయింది, పెద్దాయన కరిగాడు అనుకున్నాడు చక్రధర్. రజిని కూడా అలాగే అనుకుంది. మనమూ అనుకుంటాం. కానీ కొందరికి ఏడుపు వేరు, పట్టుదల వేరు. ఆయన కండువాతో కళ్లు తుడుచుకుని పంతులుగారి వైపు తిరిగాడు.

"కానివ్వండి."

కిరణ్‌కుమార్ శర్మ కదల్లేదు.

"ఒక మాట అడగాలండీ. ఈ అమ్మాయి ఎవరు?"

"వాడి స్నేహితురాలు."

"భార్య!" అంది రజిని.

"చూడండి," అన్నాడు పంతులుగారు. అతని గొంతులో వినయమే ఉంది, కానీ అతను మాత్రం కూర్చోలేదు. "ఇది అవివాహితుడికి చేసేది. సంకల్పంలో ఆ మాట నేను పలకాలి. రిజిస్టర్ పెళ్లి పెళ్లవునా కాదా అని నేను తీర్పు చెప్పను. అది కన్నవాళ్లు చెప్పాలి. అబ్బాయికి పెళ్లయిందా, లేదా?"

"కాలేదు," అన్నాడు అనంతరామయ్య.

"అమ్మగారూ, మీరు?"

శేషమ్మ తెరకేసి చూసింది. తెరలోని పిల్ల ఏదో జరుగుతోందని తెలిసి, అందరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది.

అనంతరామయ్య భార్య పక్కకొచ్చి వంగాడు. మెల్లగానే అన్నాడు గానీ అందరికీ వినబడింది.

"అయిందన్నావంటే వాడు ఆమె మొగుడు, అంతే. చితి ఆమెది, అస్థికలు ఆమెవి, పేరు ఆమెది. ఇస్తానంది, సరే. ఇస్తుందని ఏమిటి నమ్మకం? రేపు మనసు మారితే నువ్వెవరివే? కాలేదను. వాడు మన పిల్లాడు. మన దగ్గరే ఉండనీ."

"అమ్మా, వద్దు," అంది రజిని.

శేషమ్మకి ఆ పిల్ల మీద కోపం లేదు. నిజానికి ఇప్పుడిప్పుడే ప్రేమ కలుగుతోంది. కానీ రఘువీర్ ఆమె కడుపున పుట్టాడు, ఆమె పాలు తాగాడు, ఆమెకి చెప్పకుండా పెళ్లి చేసుకున్నాడు, ఆమెకి చెప్పకుండా చచ్చిపోయాడు. వాడి బూడిదైనా తనది కావాలి. ఆ ఒక్కటీ కావాలి.

"కాలేదు నాయనా," అంది.

"ఏమంటున్నారు?" అని బ్రిజెట్ ఇంగ్లీషులో అడిగింది. "ఆయనేదో అడిగారు కదా. అమ్మ ఏమన్నారు? ఆ మొక్కేమిటి?"

చక్రధర్ భార్య వెనక నిలబడి తల అడ్డంగా ఊపాడు. ఏదో పూజని చెప్పు. ఆత్మశాంతికని చెప్పు. నోట్లో మాట పెట్టేలాగే ఉన్నాడు.

రజిని చెప్పేసింది. మొక్క ఎందుకో చెప్పింది. ఎవరితో పెళ్లో చెప్పింది. పంతులుగారు ఏమడిగారో, నాన్న ఏమన్నాడో, అమ్మ ఏమన్నదో ఒక్కటీ దాచకుండా చెప్పింది. న్యాయం కోసం చెప్పానని ఆమె తర్వాత చాలా రోజులు అనుకుంటుంది. అప్పుడు మాత్రం కోపంతోనే చెప్పింది.

బ్రిజెట్ అరవలేదు. ఏడవలేదు కూడా. ఆమె చూపు శేషమ్మ మీదే ఉండిపోయింది.

"ఆర్మీ సిమెటరీలో చోటుంది అన్నారు. తనకంటే ముందు పోయిన ఫ్రెండ్ పక్కనే," అంది చివరికి. "నేను వద్దన్నాను. వాళ్ల అమ్మ ఊళ్లో నది ఉంది, తనని అక్కడికి పంపాలి అన్నాను. సోల్జర్లందరూ బతిమాలినా వద్దన్నాను. ఇవాళ వాళ్లకి ఫోన్ చేసి సరేనంటాను. దహనం లేదు. యూనిఫాంలోనే పూడుస్తాం. నా భర్త నాతో ఉంటాడు."

"బ్రిజెట్, ఆగు, విను..."

"శుక్రవారం పొద్దున్నే. బై, రజినీ."

తెర ఖాళీ అయిపోయింది.

"ఏమంది?" అని శేషమ్మ అడిగింది. "ఏమందే? ఎందుకలా ఆపేసింది?"

రజిని చెప్పింది. పూడుస్తారన్న మాట దగ్గర శేషమ్మ మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పింది.

"ఒక్క అబద్ధం ఆడలేకపోయావా?" అన్నాడు చక్రధర్.

"ఈ ఇంట్లో అందరూ ఆడుతున్నారుగా. నేను కూడా కావాలా?"

పంతులుగారు దర్భలు బ్యాగులో పెట్టుకున్నాడు. "నేను చెయ్యలేనండీ. క్షమించండి. నోటితో కాలేదన్నారు, కానీ ఆ అమ్మాయి ముఖం చూశాక సంకల్పం నా నోటికి రాదు." చెప్పులేసుకున్నాడు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

"ఇంకో పంతుల్ని చూడు చక్రధర్," అన్నాడు అనంతరామయ్య.

చక్రధర్ ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టేశాడు.

"చూడవయ్యా! ఎడిసన్‌లో ఎవరూ లేరా? ఫోన్ చెయ్యి!"

"ఎవరికి చెయ్యమంటారు మావయ్యగారూ?" అన్నాడు చక్రధర్. "ఏమని చెయ్యమంటారు?"

శేషమ్మ లాప్‌టాప్‌ని కూతురి వైపు తోసింది. "మళ్లీ పిలువు. తప్పయిందని నేను చెప్తాను. అయిందంటాను. పెళ్లయిందంటాను, ఎంతమంది ముందు కావాలంటే అంతమంది ముందు అంటాను. పిలవవే!"

రజిని పిలిచింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ పిలిచింది. ఫోన్‌కి చేసింది. మెసేజ్ పెట్టింది. తెర మీద బ్రిజెట్ పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోయి ఉంది.

శేషమ్మ లేచింది. కుర్చీ కాలు తగిలి తూలి మొక్క ఆకు పట్టుకుంది. అది నిలువునా చిరిగింది.

"నేను వెళ్తాను. వాళ్లు టికెట్లు పంపిస్తామన్నారుగా. నా పాస్‌పోర్టు తియ్యి. నేనొక్కదాన్నే వెళ్తాను. ఆ పిల్ల కాళ్లు పట్టుకుంటాను."

"శేషమ్మా," అన్నాడు అనంతరామయ్య.

"మీరు మాట్లాడకండి!" ఆ ఇంట్లో ఆవిడ గొంతు అంత పైకి లేవడం ఎవరూ ఎరగరు. "మీరింక మాట్లాడకండి. ఇవాళ బుధవారం. శుక్రవారానికి ఇంకా టైముంది. బాబూ, టికెట్ బుక్ చెయ్యి."

చక్రధర్ రజిని ముఖం చూశాడు. రజిని నేల చూసింది.

"అక్కడ ఇప్పటికే గురువారమమ్మా," అంది. "వాళ్ల రోజు మనకంటే ముందే వస్తుంది. మనకి రేపు సాయంత్రం అయ్యేసరికి అక్కడ శుక్రవారం తెల్లారిపోతుంది. నీకు వీసా కూడా లేదు. ఇప్పుడు ఏ విమానం ఎక్కినా నువ్వు దారిలో ఉండగానే వాణ్ని పూడ్చేస్తారు."

శేషమ్మ వింది. తర్వాత గదిలోకి వెళ్లింది. మంచం కింది నుంచి సూట్‌కేసు లాగుతున్న చప్పుడు ముగ్గురికీ వినబడుతూనే ఉంది.